అత్తగారి తుడుపుగుడ్డ

పోయినవారం కోడల్ని ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? షెడ్డు నడిమధ్యన, అందరి ముందూ, ఉత్తచేతులతో. అప్పటిదాకా ఆ చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ని మామగారు లాగేసుకుని, "ఇకమీదట కార్బురేటర్ జోలికి నువ్వు రావద్దు" అని తేల్చేశారు. ఆ కోపానికి కారణం లేకపోలేదు. రేసు ప్రాక్టీసులో ఆమె మొగుడు బండిని పూర్తి వేగంతో తోలుతుండగా లోపల పిస్టన్ ఉన్నపళంగా పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. మనిషి ఎగిరి ఇసుకలో పడ్డాడు. ఇసుక కాబట్టి భుజం బెణికి ఊరుకుంది, అదే పక్కనున్న గోడైతే మన సీరియల్ అక్కడితో సరి. ఆ ముందురోజు కార్బురేటర్ విప్పి కడిగి బిగించింది కోడలే. ఇంకేం, "చెత్తేదో లోపల వదిలేసుంటుంది" అని తీర్పయిపోయింది.

అప్పట్నుంచీ ఆమెకు కాలు నిలవడం లేదు. కడిగిన పానాలే మళ్లీ కడుగుతుంది, ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తుంది. నిజంగానే తన చేతిలోంచి ఇసుకరేణువేదైనా జారి లోపల పడిందా అని నిద్రలో కూడా పెట్రోలు వచ్చే సన్నబెజ్జాల జెట్లు విప్పి చూసుకుంటోంది. రేపే పోటీ. బండికి కొత్త పిస్టన్ వేశారు, కార్బురేటర్ని మామగారే స్వయంగా బిగించారు. అది ఎలా బిగించారో చూడ్డానికి కోడలు దగ్గరకి వెళ్తే చాలు, ఆయన గొంతు సవరించుకుంటున్నారు.

ఆయన్ని ఎవరూ పేరుపెట్టి పిలవరు. 'చెవి మాస్టారు' అంటే చాలు. వీధి చివర మలుపులో బండి కనిపించక ముందే, శబ్దాన్ని బట్టి దాని రోగమేమిటో చెప్పేస్తారని పేరు. ట్యూనింగ్‌కి కూర్చున్నారంటే షెడ్డులో ఎవరూ దగ్గకూడదు. కళ్లు అరమూతలు పడతాయి, ఎడమచేతి బొటనవేలు పెట్రోలు ట్యాంకు మీద తాళం వేస్తుంటుంది, కుడిచేయి స్క్రూని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతుంటుంది. ఎదురుగా సైలెన్సర్ పక్కన అత్తగారు నిలబడి ఉంటుంది, ఎర్రగుడ్డతో పానాలు తుడుస్తూ. భార్య ఎదురుగా లేకపోతే మాస్టారికి స్క్రూ తిరగదని షెడ్డులో వేళాకోళం. ముసలాయన కూడా ముసిముసిగా నవ్వి ఊరుకునేవారు. ఆయనకు ఇంకో పట్టింపు ఉంది. ఎవరైనా అటు తిరిగి మాట్లాడితే మండిపడతారు. "పెద్దవాడితో మాట్లాడేటప్పుడు మొహం ఇటు పెట్టు" అంటారు. పాతకాలం మర్యాద కాబోలని అందరూ ఆయన ఎదురుగా నిలబడి, కాస్త గట్టిగానే మాట్లాడతారు.

ఆ మధ్యాహ్నం గాలి ఒకటే గోల. చలిగాలి. షెడ్డు రేకులు టపటపా కొట్టుకుంటున్నాయి. మొగుడు కొత్త పిస్టన్‌తో ఒక చుట్టు తిరిగొచ్చి బండి స్టాండు వేశాడు. మామగారు ఆ చుట్టంతా గోడౌన్ల గోడ దగ్గరి మలుపులో నిలబడి విని, నింపాదిగా నడుచుకుంటూ వచ్చి, వేడి ప్లగ్గుని గుడ్డతో పట్టుకుని విప్పారు. వెలుతురులోకి ఎత్తి చూపించారు.

"చూశారా? ఇటుక రంగు. పెళ్లిచూపులకి తీసుకెళ్లొచ్చు."

ప్లగ్గు మొన మీద ఇటుక రంగు ఉందంటే ఇంజన్‌కి తిండి సరిపోయిందని లెక్క. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా సున్నం కొట్టినట్టుంటే తక్కువ. కార్బురేటర్ చేసే పని చెప్పుకుంటే ఎంతో లేదు, గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజన్‌కి అందించడం. పెట్రోలు ఎంత రావాలో లోపలున్న జెట్టు బెజ్జం సైజే తేలుస్తుంది. తంటా అంతా ఆ కలపడంలోనే. పెట్రోలు ఎక్కువైతే బండి దగ్గుతుంది, పొగ కక్కుతుంది, బద్ధకిస్తుంది. అంతకు మించి ఏమీ కాదు. తక్కువైతేనే మోసం. బండి హుషారుగా ఉరుకుతుంది, తోలేవాడు మురిసిపోతాడు, లోపల మాత్రం పిస్టన్ కాలి, ఉబ్బి, సిలిండర్‌ని పట్టేసే క్షణం కోసం చూస్తుంటుంది.

కోడలు ఆగలేకపోయింది. "ఆ రంగు నమ్మకండి మామయ్యా."

షెడ్డులో ఎవరో పానా కింద పడేశారు. మామగారు ఆమె వైపు తిరిగారు. "ఏమన్నావు?"

"ఈయన గోడ చివరిదాకా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పారు, నిజమే. తర్వాత మెల్లగా తోలుకుంటూ వచ్చారు. మెల్లగా వచ్చేటప్పుడు తాగింది చిన్న జెట్టు నుంచి. మెయిన్ జెట్టు పని పూర్తిగా తిప్పినప్పుడే కదా. ఇప్పుడు మీరు చూసింది వెనక్కొచ్చిన రంగు, వెళ్లిన రంగు కాదు."

"నాకు పాఠం చెబుతున్నావా అమ్మాయ్?"

"మీరు చెప్పిన పాఠమే మామయ్యా. పూర్తి వేగం మీద ఉండగానే ఇంజన్ కట్టేసి, క్లచ్ పట్టి, బండి తోసుకుంటూ తీసుకురమ్మనేవారు. అప్పుడు విప్పిన ప్లగ్గే నిజం చెబుతుందనేవారు. పైగా మీరు వేసింది ఎండాకాలం జెట్టు. ఈ చలిగాలి చిక్కగా ఉంది, దీనికి పెట్రోలు ఇంకాస్త కావాలి. ఒక్క సైజు పెద్దది వెయ్యనివ్వండి, రేపు బండి కాస్త బరువుగా లాగితే లాగనివ్వండి, మనిషి ఇంటికొస్తాడు."

మొగుడు అటూ ఇటూ చూశాడు. నాన్న వైపు మొగ్గితే రాత్రికి ఇంట్లో అన్నం చల్లారుతుంది, పెళ్లాం వైపు మొగ్గితే షెడ్డే చల్లారుతుంది. కట్టు కట్టిన భుజాన్ని తడుముకుంటూ నిలబడ్డాడు పాపం.

"మలుపులో నిలబడి నేను విన్నాను. బండి పాట పాడుతూ పోయింది" అన్నారు మామగారు.

"నాకు గలగల వినిపించింది మామయ్యా. ఇక్కడికే వినిపించింది. మధ్యలో, సన్నగా, గాజులు ఒకదానికొకటి రాసుకున్నట్టు. పిస్టన్ వేడెక్కితే వచ్చే చప్పుడది."

"నాకు వినిపించనిది నీకు వినిపించిందా?"

ఆయన అరవలేదు. అరిచినా బావుండేది. ఇన్నేళ్లుగా ఆ చెవి మీద బతికిన షెడ్డు అది. ఆ చెవిని కాదన్నవాళ్లు ఇప్పటిదాకా ఎవరూ లేరు, అందులోనూ నింద మోస్తున్న కోడలు.

అప్పుడు చూసిందామె. సైలెన్సర్ పక్కన అత్తగారి చేయి ఆగిపోయింది. ఎర్రగుడ్డ పానా మీద సగంలో నిలిచిపోయి ఉంది. ఆవిడ మొహం పాలిపోయింది. కోడలి మాటకి కోపం వచ్చిన అత్తగారి మొహం ఎలా ఉంటుందో కోడలికి బాగా తెలుసు. ఇది అది కాదు. ఇది భయం.

"సరే, తగువు నేను తీరుస్తా" అన్నాడు మొగుడు చివరికి. "నాన్న జెట్టుతోనే గోడ చివరిదాకా పూర్తిగా తిప్పి, అక్కడ కట్టేసి, తోసుకుంటూ తెస్తా. ఎవరిది నిజమో ప్లగ్గే చెబుతుంది."

"ఆ జెట్టుతో వద్దండీ! ముందు పెద్దది వేద్దాం."

"వీల్లేదు" అన్నారు మామగారు.

"ముందు నన్ను టీ తాగనివ్వండి బాబూ" అన్నాడు మొగుడు, స్టూలు మీద కూలబడుతూ.

"అమ్మాయ్, ఇలా లోపలికి రా. గ్లాసులు కడగాలి" అంది అత్తగారు. గ్లాసులు అప్పటికే కడిగి బోర్లించి ఉన్నాయి.

షెడ్డు వెనక గదిలో పాత కార్బురేటర్లు మేకులకి వేలాడుతుంటాయి. సబ్బూ పెట్రోలూ కలిసిన వాసన. కోడలు లోపలికి నడిచిన ఆ నాలుగడుగుల్లోనే ఏవేవో కళ్లముందు తిరిగాయి. పొద్దున మామగారు నిలబెట్టిన బండికి ఐడ్లింగ్ సరిచేస్తున్నప్పుడు ఇంజన్ పడిలేస్తుంటే, అత్తగారు గుడ్డ విప్పి దులిపింది. ఆయన స్క్రూ ఇంకాస్త తిప్పారు. గుడ్డని భుజాన వేసుకుంది. ఆయన వెనక్కి తిప్పారు. శబ్దం కుదుటపడ్డ క్షణాన ఆవిడ గుడ్డ మడిచింది. ఆయన చేయి తీసేశారు. అరమూసిన ఆ కళ్లు పూర్తిగా ఎప్పుడూ మూసుకోలేదు. రోజూ ఎదురుగా జరిగేదే, అయినా ఎవరి కంటా పడలేదు. పానాలు తుడిచే ఆడమనిషిని చూసేదెవరు?

కోడలు తలుపు మూసింది. "ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"ఏమిటే?"

"ఆ గుడ్డ."

అత్తగారు సింకు అంచు పట్టుకుంది. కాదంటుందేమో అనుకుంది కోడలు. కానీ ఆవిడ అలసిపోయినట్టుంది, దాచడంలోనే అలసిపోయినట్టుంది.

"చాన్నాళ్లయింది" అంది. "ఫోన్ మోగుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవారు. కావాలనే తియ్యట్లేదనుకుని పోట్లాడాను కూడా. ఎంత మొద్దునో చూడు. తర్వాత ఒకరోజు బండి ముందు కూర్చుని స్క్రూ తిప్పుతూ తిప్పుతూ నావైపు చూశారు. చిన్నపిల్లాడు తప్పిపోయి నిలబడ్డట్టు చూశారు. నా చేతిలో గుడ్డ ఉంది. ఏమనిపించిందో, మడిచాను. ఆయన ఆపేశారు. అంతే. దాని గురించి ఆయనా నేనూ ఒక్క మాట అనుకోలేదు, ఇవాళ్టి దాకా."

"మీకు ఎలా తెలుసు, ఎక్కడ ఆపాలో?"

"ఇన్నేళ్లు ఈ షెడ్డులో నిలబడ్డాను. నాకు జెట్లూ నీడిల్సూ తెలియవు తల్లీ. ఏ చప్పుడు కుదురుగా ఉందో తెలుసు. మామూలు మాటలు ఆయనకి వినిపిస్తాయి, ఎదురుగా ఉంటే. సన్నని చప్పుళ్లే పోయాయి."

"మరి మలుపు దగ్గర? బండి పూర్తి వేగంతో పోయేటప్పుడు?"

అత్తగారు తల దించుకుంది. "అక్కడికి నేనెలా వస్తాను? గుడ్డ పట్టుకుని రోడ్డు మలుపులో నిలబడితే నలుగురూ ఏమనుకుంటారు? అక్కడ ఆయనొక్కరే ఉంటారు. విన్నానంటారు. నేను నమ్ముతాను. ఏం చెయ్యను మరి?"

అదన్నమాట సంగతి. షెడ్డులో నిలబెట్టి సరిచేసేదంతా అత్తగారి చెవి. గుడ్డ అందని దూరంలో, మెయిన్ జెట్టు పనిచేసే చోట, ఎవరి చెవీ లేదు. పిస్టన్ పట్టేసిన రోజున మామగారు మలుపులో ఒంటరిగా నిలబడి తల ఊపడం కోడలు కళ్లారా చూసింది. ఆ తల ఊపుకి విలువ లేదని ఇప్పుడు తెలిసింది. పట్టేసిన నాటి జెట్టు కూడా ఆయన ఎంచిందే. ఇసుకరేణువు లేదు. చెత్త లేదు. తన చేతుల్లో ఏ తప్పూ లేదు. ఆ మాట మనసులో అనుకోగానే హాయిగా ఉంటుందనుకుంది, కానీ ఒళ్లంతా మండిపోయింది.

"నలుగురిలో నన్ను నిలబెట్టి కడిగేశారు. మీరు అక్కడే ఉన్నారు. నోరు మెదపలేదు."

"మెదపలేదు."

"ఎందుకు?"

అత్తగారు తలెత్తింది. కళ్లలో నీళ్లున్నాయి. "నీ మీద పడ్డ నింద కొన్నాళ్లకి పోతుందే. వయసుంది, మళ్లీ పేరు తెచ్చుకుంటావు. అదే ఆయన మీద పడితే నింద పోదు, ఆయనే పోతారు. ఆ చెవి తప్ప ఆయన దగ్గర ఇంకేముంది?"

"మీ అబ్బాయి ఉన్నాడు" అంది కోడలు.

అంతే. ఆ ముక్క తగలాల్సిన చోటే తగిలింది. అత్తగారు గోడకి చేరబడి అలాగే కిందికి జారి కూర్చుంది. కోడలికి జాలీ కోపమూ కలిసి ఏది ముందు పట్టుకోవాలో తెలియలేదు. పక్కన కూర్చుని ఆవిడ చేయి పట్టుకుంది, మరీ మెత్తగా కాదు.

"అత్తయ్యా, నేను మామయ్య పరువు తియ్యను. మలుపులో మీ బదులు నేను నిలబడతాను, కావలిస్తే పచ్చగుడ్డ పట్టుకుంటాను, ఆయన పేరు మీదే పని జరగనివ్వండి. నాకేం పట్టింపు లేదు. కానీ ఆ జెట్టు మాత్రం ఇప్పుడే మారాలి. ఆయన చేత మీరు ఒప్పిస్తారా, నన్ను చెప్పమంటారా?"

అత్తగారు కోడలి చేతిలోంచి తన చేయి తీసుకుంది. ఎర్రగుడ్డతో కళ్లు తుడుచుకుంది. గుడ్డకున్న నూనె చెంపకంటుకుంది.

"పద" అంది లేస్తూ. "నేనే చెబుతాను. ఎదురుగా నిలబడి చెబుతాను."

తలుపు గడియ మీద కోడలి చేయి పడిందో లేదో, బయట కిక్ కొట్టిన చప్పుడు. ఇంజన్ అందుకుంది.

"ఏవండీ!" అని కేకేసిందామె. అత్తమామల ముందు మీరూ ఏవండీ అనడం, ఇద్దరే ఉన్నప్పుడు నువ్వు అనడం వాళ్ల అలవాటు. తలుపు తీసుకుని పరుగెత్తుతూ "ఆగు! నువ్వు ఆగు!" అని అరిచింది, ఎవరు వింటున్నారో చూసుకోకుండా.

స్టూలు మీద టీ గ్లాసు సగం ఉంది. బండి లేదు. తోవ మీద దుమ్ము లేస్తోంది, గోడౌన్ల వైపు.

గేటు దగ్గర మామగారు నిలబడి ఉన్నారు. మలుపు దాకా వెళ్లే తీరిక లేక కాబోలు, అక్కడి నుంచే వింటున్నారు. అరమూసిన కళ్లు, గేటు ఊచ మీద బొటనవేలి తాళం, అచ్చం ఎప్పటిలాగే. కోడలు ఆయన పక్కకొచ్చి ఆగింది. గోడ అడ్డం ఉండటంతో బండి కనిపించదు. వినడం తప్ప చేయగలిగింది లేదు.

మొదటి గేరు. రెండు. శబ్దం పెరుగుతూ పోయింది. మూడో గేరులో మొగుడు పూర్తిగా తిప్పేశాడు, రోడ్డు పొడవునా గొంతెత్తి పోతోంది ఇంజన్. బాగానే ఉందేమో అనుకుంది, అలా అనుకోవాలని ఎంత కోరుకుందో. అప్పుడు మొదలైంది, ఆ పెద్ద శబ్దం అడుగున, సన్నగా, గలగల.

అత్తగారి వేళ్లు ఆమె మణికట్టుని ఇనుప పట్టులా పట్టుకున్నాయి. ఆవిడా విన్నది.

"కట్టెయ్. కట్టెయ్ ఇంక" అని గొణుగుతోంది కోడలు. గోడ చివరికి ఎంతసేపట్లో చేరతాడో ఆమెకు బాగా తెలుసు. ఇంకా చేరలేదు. గలగల ఎక్కువైంది.

శబ్దం ఆగిపోయింది.

తగ్గుతూ తగ్గుతూ కాదు, ఒక్కసారిగా. గాలి కూడా అప్పుడే ఆగింది, రేకులు కూడా ఊరుకున్నాయి. మొగుడే కట్టేశాడా? గోడ చివర ఇంకా రాలేదు కదా, ముందే ఎందుకు కడతాడు? గలగల అతనికీ వినిపించి జాగ్రత్తపడ్డాడా? లేక పిస్టన్ పట్టేసిందా? టైరు రోడ్డు మీద గీరుకున్న చప్పుడు వచ్చిందా, రాలేదా? ఎంత చెవులు రిక్కించినా ఏమీ లేదు. అడుగుల చప్పుడు లేదు. కేక లేదు.

కోడలు మామగారి వైపు తిరిగింది, ఏదైనా చెబుతారేమోనని. ఎంత కోపమున్నా ఆ క్షణాన ఆయన చెవినే నమ్ముకోబోయింది.

ఆయన కళ్లు ఇంకా అరమూతలే. గేటు ఊచ మీద బొటనవేలు తాళం వేస్తూనే ఉంది. ముందటి వేగంతోనే, అదే లయలో.

అత్తగారి చేతిలోంచి గుడ్డ జారి పడింది. సన్నని చప్పుళ్లే పోయాయని నమ్ముతూ వచ్చిందావిడ.

"విన్నారా?" అన్నారు చెవి మాస్టారు, పెదవుల మీద చిరునవ్వుతో. "ఎంత శుభ్రంగా లాగుతోందో చూడండి. ఏదమ్మా నీ గలగల?"